పెళ్ళికూతురి గది

మా దొడ్డమ్మగారు మూఢంలో పోయారు. పలకరించడానికి వెళ్తే వాళ్ళాయన పంతులుగారు వీధి అరుగు మీద ఒక్కరూ కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఆయనే అందుకున్నారు.

"ముహూర్తాల్లో పోయుంటే నేనొప్పుకున్న పెళ్ళిళ్ళన్నీ ఇంకోళ్ళకి అప్పజెప్పుకోవాల్సొచ్చేదమ్మా. ఆ ఇబ్బంది కూడా పెట్టలేదు. దాని ప్రయాణాలన్నీ మూఢంలోనే కదా!" అని నవ్వబోయి, కండువాతో మొహం కప్పుకున్నారు.

మూఢమంటే పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ పనికిరాని రోజులు. ఆషాఢం కూడా ఆ జాబితాలోదే. పురోహితులూ, సన్నాయివాళ్ళూ, పందిళ్ళవాళ్ళూ చేతులు ముడుచుకుని కూర్చునే రోజులు. దొడ్డమ్మగారికి మాత్రం అవే షికారు రోజులు.

ఆవిడ మాకు చుట్టం కాదు. కోనసీమ కొత్తపేటలో మా పక్కిల్లు. మా అమ్మ ఆవిణ్ణి అక్కయ్యగారూ అని పిలిచేది కాబట్టి నాకు దొడ్డమ్మగారు. పొట్టి మనిషి, వడి నడక. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ మోచెయ్యి పట్టుకునేవారు, వదిలేస్తే పారిపోతామన్నట్టు. పారిపోవాలని ఎవరికీ అనిపించేది కాదనుకోండి.

ఉగాదినాడు పంతులుగారు పంచాంగం చదువుతుంటే వీధి వీధంతా వాళ్ళ అరుగు దగ్గరే ఉండేది. ఒకరికి ఆదాయ వ్యయాలు కావాలి, ఒకరికి రాజపూజ్యం కావాలి, చేలున్నవాళ్ళకి వానలెలా ఉంటాయో కావాలి. దొడ్డమ్మగారు పచ్చడి గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, అందరి గోలా అయ్యేదాకా ఓపిక పట్టి, "అవన్నీ సరేగానీ, మూఢం ఎప్పుడండీ?" అనేవారు.

"సంవత్సరాదిపూట అడగాల్సిన మాటేనా అది?" అని పంతులుగారు కసిరేవారు. కసురుతూనే పేజీ తిప్పి చెప్పేసేవారు. ఆవిడ తలూపి లోపలికి వెళ్ళిపోయేవారు. ఆ యేడు ప్రయాణం అప్పుడే ఖాయమైపోయినట్టు.

పట్నం వెళ్ళి నాలుగు రోజులుండి సరదాగా తిరిగి రావాలంటే మాలాంటివాళ్ళకి పెద్ద చిక్కు బస. చవగ్గా వచ్చే గది ఊరి చివరెక్కడో ఉంటుంది. ఊరి మధ్య గది మనకి అందదు. ఈ రెండూ ఎలాగో కుదిరినచోట, మగతోడు లేని ఆడవాళ్ళకి ఇవ్వమంటాడు బల్ల వెనక కూర్చున్న పెద్దమనిషి. పోనీ చుట్టాలింట్లో దిగుదామా అంటే, ఊరు చూసినట్టుండదు, వాళ్ళ పిల్లల మార్కులు చూసినట్టుంటుంది.

ఈ చిక్కులన్నిటికీ దొడ్డమ్మగారు ఒకటే మందు కనిపెట్టారు. హైదరాబాదులో ఏదో పెళ్ళికి పంతులుగారితో వెళ్ళినప్పుడు ఆ కల్యాణమండపం చూశారు. గేటు దాటితే బస్సులు, పక్కనే చీరల కొట్లు. పైన వరసగా విడిది గదులు, గదికో బాత్రూము. వెనక వంటకి వసారా, చీరలారేసుకోడానికి డాబా. "మూఢంలో ఈ గదులేం చేస్తారు నాయనా?" అని మేనేజరుని అడిగారట. "తాళాలేసుకుని కూర్చుంటామండీ" అన్నాడట. ఆవిడ ఇంటికొచ్చి మా వీధి ఆడవాళ్ళని పోగేశారు.

అప్పట్నుంచి ఎక్కడికెళ్ళినా కల్యాణమండపంలోనే మా వీధివాళ్ళ బస. ఖాళీగా పడున్న గదులు కాబట్టి చవగ్గా ఇచ్చేవారు, పురోహితుడి భార్య కాబట్టి నమ్మి ఇచ్చేవారు. పెళ్ళిళ్ళ రోజుల్లో దొడ్డమ్మగారికి ఇల్లు కదలడం కుదరదు, ముహూర్తాలకి వచ్చేపోయే జనంతో తెరిపి ఉండదు. మూఢంలో పంతులుగారు ఇంటిపట్టునే ఉంటారు. "పెళ్ళిళ్ళప్పుడు ఆయన ఇంట్లో ఉండరు, మూఢంలో గుమ్మం దిగరు. రెండోదే ఎక్కువ కష్టం, అందుకే నేను దిగుతాను" అనేవారు.

మండపానికి ఫోన్ చేస్తే అద్దె సంగతి చివర్లో అడిగేవారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"నాయనా, మీ గేటు బయట నిలబడితే ఏం కనపడతాయి?"

బస్‌స్టాపు, టిఫిన్ హోటలు, పూలకొట్లు అని చెబితే మాట సాగేది. ఒకసారి ఎవరో పాపం, "చాలా ప్రశాంతంగా ఉంటుందండీ" అని చెప్పుకున్నాడు. దొడ్డమ్మగారు ఫోన్ పెట్టేసి మాకేసి తిరిగారు. "ప్రశాంతత మనకిక్కడ బోలెడుంది. ఇంత దూరం ఖర్చు పెట్టుకెళ్ళి దాన్నేం చేసుకుంటాం? గేటు దాటితే ఊరు మొహం మీద పడాలి!"

దిగగానే మంచాలూ పరుపులూ చూసేవారు కాదు. చీర చెంగు బొడ్లో దోపి కుళాయిలన్నీ తిప్పేవారు. "పరుపు లేకపోతే దుప్పటి పరుచుకుంటాం. నీళ్ళు లేకపోతే ఏం పరుచుకుంటాం?" అనేవారు. మేనేజరు చేతిలో పెట్టడానికి ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు ఒక అట్టపెట్టెలో తెచ్చేవారు. రైల్లో దారిపొడుగునా ఆ పెట్టె ఆవిడ ఒళ్ళోనే. మేమెవరం చెయ్యి చాపినా ఊరుకునేవారు కాదు, ఒక్క రేకు కూడా విరగకూడదని.

ప్రతి మండపంలోనూ పెళ్ళికూతురి గది అని ఒకటుంటుంది. తక్కిన గదులకన్నా పెద్దది, ఏసీ ఉంటుంది, గోడకి నిలువెత్తు అద్దం, దాని చుట్టూ బల్బులు. ఆ గది ప్రయాణానికి ఒకరి వంతు. అది దొడ్డమ్మగారు పెట్టిన రివాజు. తాళంచెవి ఆ మనిషి చేతిలో పెట్టి, "ఊరెళ్ళేదాకా పెళ్ళికూతురివి నువ్వే. పని ముట్టుకున్నావంటే ఊరుకోను" అనేవారు. తక్కినవాళ్ళు ఆ పెళ్ళికూతురికి మంచం దగ్గరికి కాఫీ అందించాలి, జడ వెయ్యాలి, ఏం చూడాలంటే అది చూపించాలి.

హైదరాబాదులో ఆ వంతు మా వీధిలో అందరం కువైట్ వదిన అని పిలిచే ఆవిడది. ఏళ్ళ తరబడి కువైట్లో ఎవరింట్లోనో పనిచేసి, పొద్దున్నే లేచి వాళ్ళందరికీ టీలు అందించి వచ్చిన మనిషి. దొడ్డమ్మగారు కాఫీ పట్టుకుని తలుపు తోస్తే దిగ్గున లేచి గ్లాసు అందుకోబోయిందట. "కూచో. పెళ్ళికూతురు లేవకూడదు" అన్నారట ఆవిడ. వదిన ఆ కాఫీ చేత్తో పట్టుకుని ఏడ్చిందని తనే మాకు చెప్పింది. "ఏడుస్తూ కూచుంటే చల్లారిపోయిందండి. ఆ మహాతల్లి మళ్ళీ వేడిచేసి తెచ్చేరండి" అంటుంది ఇప్పటికీ, కళ్ళు తుడుచుకుంటూ.

"మరి మీ వంతెప్పుడు?" అని నేనోసారి అడిగాను. "నాకెందుకే, పెళ్ళిళ్ళింట్లోనే కాపరం చేస్తున్నాను కదా" అని నన్ను తోసేశారు.

మా అమ్మ ఈ ప్రయాణాల్లోకి ఆలస్యంగా వచ్చింది. నేను ఇంటరు చదువుతుండగా నాన్న పోయాడు. ఆ తర్వాత అమ్మ పెళ్ళని గుమ్మం దిగలేదు. ఎవరూ రావద్దనలేదు. ఎవరైనా శుభలేఖ పట్టుకుని వస్తే తను వంటింట్లోకి వెళ్ళి నన్ను పంపించేది. వీధిలో ఎవరైనా సామాన్లతో బయల్దేరుతుంటే ఎదురవుతానేమోనని కిటికీ దగ్గర్నుంచి కూడా తప్పుకునేది. నాకు ఒళ్ళు మండిపోయేది. మా ఇంట్లో మా అమ్మ దాక్కోవడమేమిటని దెబ్బలాడితే, "నీకు తెలీదు, ఊరుకో" అనేది. తనకేమో పట్నమంటే ప్రాణం. కొట్లూ, బస్సులూ, జనం, ఏదో ఒక రోడ్డు పక్కన నిలబడి ఊరికే చూస్తుండాలని చిన్నప్పట్నుంచీ కోరిక.

దొడ్డమ్మగారికి ఆ సంగతి తెలుసు. నేను డిగ్రీలో ఉండగా, ఆ యేడు చెన్నై అనుకున్నాక, మా వంటింట్లోకి వచ్చి అమ్మ మోచెయ్యి పట్టుకున్నారు.

"ఈసారి నువ్వొస్తున్నావు చెల్లాయ్."

"నేనా? కల్యాణమండపంలోకా అక్కయ్యగారూ?"

"ఆషాఢంలో పెళ్ళేవిటి, పందిరేవిటి? ఖాళీ మండపం. నాలుగ్గోడలూ, నాలుగు కుళాయిలూ."

"నిజంగా ఎవరూ ఉండరాండీ?"

"బల్లులుంటాయేమో మరి."

అమ్మ నవ్వింది. నాన్న పోయాక నేను వినని నవ్వు అది. ఆ నవ్వు చూసి దొడ్డమ్మగారు, "పెళ్ళికూతురి గది ఈసారి నీ వంతు" అనేశారు. అమ్మ మొహం మాడిపోయింది. "ఆ మాట మాత్రం అనకండి, మీకు పుణ్యముంటుంది" అని పెరట్లోకి వెళ్ళిపోయింది. కానీ సంచీ సర్దుకుంది. ఖాళీ మండపమన్న ఒక్క మాట పట్టుకుని బయల్దేరింది.

రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళి రైలెక్కాం. పొద్దున్నే చెన్నైలో దిగి, రెండు ఆటోల్లో మండపం ముందుకి చేరేసరికి గేటుకి అటూ ఇటూ గెలలతో సహా అరటిచెట్లు కట్టి ఉన్నాయి. లోపల్నుంచి నాదస్వరం. గేటు దగ్గర పట్టుచీరల అమ్మాయిలు పన్నీరు బుడ్డీ, పటికబెల్లం పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. దొడ్డమ్మగారు పూతరేకుల పెట్టె గుండెలకి ఆనించుకుని ఆటో పక్కనే కొయ్యబారిపోయారు.

"ఆషాఢంలో పెళ్ళేవిటే!"

అసలు సంగతి తర్వాత తెలిసింది. మన ఆషాఢం వచ్చేస్తుంది గానీ, పెళ్ళిళ్ళు మానుకునే వాళ్ళ ఆడి నెల ఇంకా రాదు. మనకి శూన్యమాసమైన ఆ కాసిని రోజులూ వాళ్ళకి మంచి ముహూర్తాలు. పెళ్ళేవైనా ఉందా అని దొడ్డమ్మగారు ఫోన్‌లో అడగలేదు. ఆషాఢంలో పెళ్ళుందా అని ఏ పురోహితుడి భార్య అడుగుతుంది? మీరెవరి తాలూకని మేనేజరూ అడగలేదు. పెళ్ళిరోజున మండపంలో గదులడిగేవాళ్ళు పెళ్ళివారు కాక ఇంకెవరవుతారు?

మేమిలా నోళ్ళు తెరుచుకుని ఉండగానే అమ్మ మాయమైపోయింది. చూస్తే రోడ్డుకి అవతల టీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఉంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది, చెంగు భుజాల చుట్టూ లాక్కుంది. అందరం సామాన్లీడ్చుకుంటూ అక్కడికే పోయాం.

"మీరు లోపలికెళ్ళండి. నేను స్టేషన్లో కూర్చుని సాయంత్రం బండికి వెళ్ళిపోతాను" అంది, ఎవరి మొహమూ చూడకుండా. "నేను రాకూడదని నాకు తెలుసు. తెలిసీ వచ్చేను."

ఇప్పుడు గనక వెనక్కి వెళ్ళిందంటే అమ్మ ఇక జన్మలో గుమ్మం దాటదని నాకు తెలిసిపోయింది. దొడ్డమ్మగారికీ తెలిసినట్టుంది. ఎవర్నీ ముట్టుకోనివ్వని ఆ పెట్టె నా చేతిలో పెట్టి, అమ్మ పక్కన కూర్చుని మోచెయ్యి పట్టుకున్నారు.

"తప్పు నాది చెల్లాయ్. నువ్వెళ్తే నీతో నేనూ వస్తాను. అయితే స్టేషనుకి కాదు, ఇంకో బస వెతుక్కుందాం. ఊరు చూడకుండా నిన్ను తీసుకెళ్ళను."

ఈలోగా మా కువైట్ వదిన లోపలికెళ్ళి మేనేజరుతో ఏదో చెప్పినట్టుంది. అతను ఎవరితో ఏం చెప్పాడో, కాసేపటికి పట్టుపంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన బస్సులకి అడ్డంపడి రోడ్డు దాటుతూ మా దగ్గరికి వచ్చారు. వెనకే పటికబెల్లం పళ్ళెంతో ఒకమ్మాయి. ఆయన పెళ్ళికూతురి తండ్రి. మగపెళ్ళివారి తాలూకు ఆడవాళ్ళు మర్యాద తక్కువైందని అలిగి రోడ్డు మీద కూర్చున్నారని ఎవరో చెప్పారట ఆయనకి. పాపం చెమటలు కక్కుతూ చేతులు జోడించారు. వాళ్ళింట్లో పెద్దల కాలం నుంచీ తెలుగేనట, కాస్త తమిళం యాసతో మాట్లాడారు.

"ఏం తప్పు జరిగిందమ్మా? మన్నించి లోపలికి రండమ్మా."

సరాసరి అమ్మనే అడిగారు. బల్ల మీద ముడుచుకుని కూర్చున్న మనిషే అందరికన్నా ఎక్కువ అలిగిందనుకున్నారు కాబోలు. ఎవరికీ ఎదురవకూడదని కిటికీ దగ్గర కూడా నిలబడని మా అమ్మని, రమ్మని ఒక ఆడపిల్ల తండ్రి పెళ్ళిపూట బతిమాలుతున్నాడు. అమ్మ గబుక్కున లేచి నిలబడింది.

"అయ్యో, అలక కాదండి. మేం మీ చుట్టాలం కూడా కామండి. కోనసీమ నుంచి ఊరు చూద్దామని వచ్చేమండి. తెలీక ఇక్కడ గదులు తీసుకున్నామండి."

"పెళ్ళివేళకి ఇంత దూరం నుంచి వచ్చారు. ఇంకేం చుట్టరికం కావాలమ్మా? రండి."

అమ్మ నేలకేసి చూసింది. "నాకు భర్త లేరండి" అంది.

ఆ పెద్దాయన జోడించిన చేతులు దించలేదు. "మా అమ్మకీ లేరమ్మా. ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆ కుర్చీ పక్కన ఖాళీ ఉంది, రండి" అన్నారు.

అమ్మ దొడ్డమ్మగారికేసి చూసింది. ఆచారాలు తెలిసిన ఇల్లు, పెళ్ళిళ్ళు చేయించే ఇల్లు. ఆవిడ కాస్త తటపటాయించినా అమ్మ అక్కడే ఆగిపోయి ఉండేది. ఆవిడ తటపటాయించలేదు.

"ఆడపిల్ల తండ్రిని పెళ్ళిపూట ఎండలో నిలబెట్టకే. ఆ పటికబెల్లం తీసుకో."

అమ్మ తీసుకుంది. రెండు పలుకులు కిందపడ్డాయి. పళ్ళెం పట్టుకున్న అమ్మాయి ఇంకో గుప్పెడు పెట్టింది. అందరం రోడ్డు దాటాం.

లోపలికి వెళ్తుంటే పెళ్ళికూతురి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. అసలైన పెళ్ళికూతురు నిలువెత్తు అద్దం ముందు కూర్చుంది, ఇద్దరు జడకి పూలు కుడుతున్నారు. అద్దంలో అమ్మ కనపడిందేమో, ఎవరో తెలియకపోయినా నవ్వింది. అమ్మ అక్కడే ఆగిపోయింది. దొడ్డమ్మగారు వెనక నుంచి చెవిలో చెప్పారు. "నీ గది అసలు పెళ్ళికూతురే పట్టుకుపోయింది, ఏం చేస్తాం! నీ వంతు ఎక్కడికీ పోదులే, నీకే ఉంటుంది."

అమ్మ ముందు వరసలో ఆ ముసలావిడ పక్కన కూర్చుంది. ఒకరి యాస ఒకరికి సరిగ్గా అర్థం కాదు. అయినా ఏవో చెప్పుకుంటూనే ఉన్నారు. తాళి కట్టేవేళ ఆ ముసలావిడ తన గుప్పిట్లో అక్షింతలు సగం అమ్మ చేతిలో పోసింది. అమ్మ లేచి, చెయ్యెత్తి వేసింది. నేను పెళ్ళికూతురిని చూడలేదు, అమ్మనే చూశాను. ఆనందం పట్టలేక కువైట్ వదిన భుజం గిల్లాను. దొడ్డమ్మగారు మాత్రం చివరిదాకా "ఆషాఢంలో పెళ్ళి, ఆషాఢంలో పెళ్ళి" అని గొణుక్కుంటూనే అందరికన్నా ఎక్కువ అక్షింతలు వేశారు. పూతరేకుల పెట్టె పెళ్ళికూతురి తండ్రి చేతిలో పెట్టారు.

మధ్యాహ్నానికి పెళ్ళివారు సర్దుకుని వెళ్ళిపోయారు. పెళ్ళికూతురి గది మర్నాటి పెళ్ళివారిదని మాకు పై అంతస్తులో చిన్న గదులు ఇచ్చారు. సాయంత్రం కొట్లకి బయల్దేరదామంటే అమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది, వచ్చేపోయే బస్సుల్ని చూస్తూ. "ఉండనీ, చూసుకోనీ" అని దొడ్డమ్మగారు మా అందర్నీ ఆపేశారు.

ఇంటికొచ్చాక పంతులుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "వాళ్ళది సూర్యుడి లెక్క, మనది చంద్రుడి లెక్క. ఒక్క మాట నన్నడిగితే చెప్పేవాణ్ణి కదుటే!" "మిమ్మల్నడిగితే ప్రయాణమే మానమనేవారు" అని ఆవిడ ఎదురు తిరిగారు. ఆ తర్వాత అమ్మ శుభలేఖలు తనే గుమ్మంలోకి వచ్చి అందుకునేది.

మళ్ళీ ప్రయాణం కుదరలేదు. ముందు కరోనా వచ్చింది, తర్వాత దొడ్డమ్మగారి మోకాళ్ళు మొరాయించాయి. ప్రతి ఉగాదికీ గోడ మీంచి కేకేసేవారు. "నీ వంతు ఉండిపోయింది చెల్లాయ్!" "ఉండనివ్వండి అక్కయ్యగారూ, ఎక్కడికి పోతుంది" అనేది అమ్మ. చివరికి ఆవిడే వెళ్ళిపోయారు. ఇప్పటికీ గోడ అవతల ఏ చప్పుడైనా ఆవిడే అనుకుంటాను.

ఈ ఉగాదికి పంతులుగారి అరుగు దగ్గర జనం తక్కువ. ఆయన నీరసంగా చదువుకుంటూ పోయారు. చివర్లో పంచాంగం మూసి, అలవాటుగా గుమ్మంకేసి చూశారు. గుమ్మంలో ఎవరూ లేరు.

"అవన్నీ సరేగానీ బావగారూ, మూఢం ఎప్పుడండీ?" అంది మా అమ్మ.

ఆయన కసరలేదు. కళ్ళజోడు తుడుచుకుని, పేజీ తిప్పి చెప్పారు.

ఇంటికొచ్చాక నేను ఫోన్‌లో విశాఖపట్నం గదులు వెతకడం మొదలుపెట్టాను. తెల్లటి దుప్పట్లు, దిండు మీద పువ్వు, కింద 'ప్రశాంతమైన వాతావరణం' అని రాసి ఉంది. చదివి వినిపిస్తే, "ప్రశాంతత మనకిక్కడ బోలెడుంది" అని అమ్మ ఫోన్ లాక్కుంది. దొడ్డమ్మగారు ఎప్పుడో దిగిన మండపం నంబరు పంతులుగారిని అడిగి తెచ్చుకుందట. స్పీకరు పెట్టింది.

"మీ గేటు బయట నిలబడితే ఏం కనపడతాయండీ?"

బస్‌స్టాపు, పూలకొట్లు, రోడ్డు చివర సముద్రం అని చెప్పాడు మేనేజరు.

"ఆ రోజుల్లో పెళ్ళేవైనా ఉందాండీ? ఉన్నా మాకేం ఇబ్బంది లేదు."

"మూఢంలో పెళ్ళిళ్ళేవిటమ్మా? మండపం మొత్తం ఖాళీ. ఎన్ని గదులు కావాలి?"

"ఓ మూడు చాలండి. అందులో పెళ్ళికూతురి గది ఒకటి."

అతను నవ్వాడు. "పెళ్ళే లేదంటుంటే పెళ్ళికూతురి గదేవిటమ్మా? ఇంతకీ పెళ్ళికూతురెవరు?"

అమ్మ చెంగు సర్దుకుని, గోడ అవతలికి కూడా వినపడేంత గట్టిగా చెప్పింది.

"ఆయ్, నేనేనండి."